తట్టమ్మ కడుపులో గంగాళం

భావనపాడు హార్బరు దగ్గర చేపల తట్ట దించుకుంటున్న ఆడమనిషి విగ్రహం నా తొలి పెద్ద పని. రెండు నిలువుల ఎత్తు, పైనంతా రాగిరేకు. దానికి నేను పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఎవరికీ గుర్తులేదు. ఊరివాళ్ళు తట్టమ్మ అన్నారు, తట్టమ్మే అయింది. మొన్న మాఘంలో ఫోనొచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారట, తట్టమ్మని నూరు గజాలు ఇవతలికి జరపాలట, చేసిన మనిషి దగ్గరుంటే మంచిదట. విశాఖపట్నం నుంచి వెళ్ళాను. క్రేను విగ్రహాన్ని లేపి, కొబ్బరిమట్టలు పరిచిన ఇసక మీద పక్కకి పడుకోబెట్టింది. మేకులు విప్పి అడుగు రేకు తీశారు. ఇంజనీరు హేమలతకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. టార్చి లోపలికి వేసి చాలాసేపు చూసి, "మేడమ్, మీరిచ్చిన కాయితంలో ఇనప ఫ్రేము అని ఉంది. మధ్య స్తంభం తప్ప ఇక్కడ ఇనుమే లేదు" అంది.

"సరిగ్గా చూడమ్మా" అన్నాను విసుగ్గానే. నేను చేసిన పని నాకు తెలియదా? ఆ ఇనప పట్టీలు ఒక్కొక్కటీ నా చేతులతో వంచాను, చేతులు కాల్చుకుని అతికాను. నలభై ఏళ్ళ పైమాట కాబట్టి తుప్పు పట్టి సగం రాలిపోయి ఉంటాయని, బాగుచేయాల్సి వస్తుందని లెక్కేసుకునే వెళ్ళాను. మోకాళ్ళు సహకరించకపోయినా ఇసకలో కూలబడి తల లోపలికి పెట్టాను. నిజంగానే నా పట్టీలు ఒక్కటీ లేవు. వాటి చోట బొటనవేలంత లావు ఇత్తడి కడ్డీలున్నాయి. కడ్డీలని పైరేకుకి పట్టి ఉంచే బద్దీలు కూడా ఇత్తడివే. ఒక బద్దీ మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు కనిపించాయి. "చి.సౌ. వరహాలమ్మకు పుట్టిన" అని ఉంది, అక్కడికి రేకు కత్తిరించేశారు. వరహాలమ్మ మా అమ్మ. ఆమె పెళ్ళికి పుట్టినింటివారు పెట్టిన గంగాళం మీద ఉండే అక్షరాలవి. నేను చదవడం నేర్చుకున్నదే ఆ గంగాళం మీద వేలు పెట్టుకుని.

తల బయటికి తీయాలన్న సంగతి కూడా మర్చిపోయి అలాగే ఉండిపోయాను. వెనక ఎవరో "పెద్దావిడికి ఏటో అయిపోనట్టుంది, నీలట్టుకు రండి" అని కేకేశారు. నా గుండె కొట్టుకోవడం ఆ రేకు గూట్లో నాకే పెద్దగా వినిపించింది. హేమలత భుజం పట్టి లేపింది. ఏమిటి మేడమ్ అంటే ఏమీ లేదన్నాను. ఎందుకంటే ఆ గంగాళం ఏమైందో నేను నలభై ఏళ్ళుగా లోకానికంతటికీ చెబుతూ వచ్చాను, నేను చెప్పినది అది కాదు.

నేను చెప్పిన కథ ఇది. మా నాన్నకి నా పని గిట్టలేదు. విగ్రహానికి ఇంట్లో ఇత్తడి అడిగితే ఇవ్వలేదు. నేను జబ్బుపడి మంచం మీదుంటే మా అమ్మ పుట్టింటి సామానంతా స్టీలు సామాన్లవాడికి అమ్మేసుకున్నాడు. విగ్రహం నిలబెట్టిన రోజున ఆ ఛాయలకి రాలేదు. అయినా ఈ ఆడపిల్ల ఒంటిచేత్తో చేసి చూపించింది. ఈ కథని పత్రికలవాళ్ళు ఎంతో ఇష్టంగా రాసుకున్నారు. అబద్ధమెందుకు, నేనూ ఇష్టంగానే చెప్పాను. సన్మానసభల్లో ఇక్కడికి వచ్చేసరికి కాస్త ఆగి, మంచినీళ్ళు తాగి మరీ చెప్పేదాన్ని.

టెక్కలిలో మా ఇంటికి ముందు కొలిమి, వెనక వంట, మధ్యలో ఎవరికి దొరికిన చోట వారికి పడక. మేం కంచరి వాళ్ళం, బిందెలూ చెంబులూ కాగులూ చేసేవాళ్ళం. తెల్లారితే మాకు కోడికూత కంటే ముందు నాన్న సుత్తి వినిపించేది. బొగ్గు పొగ, చింతపండు పులుపు, టంకం వేసేటప్పుడు వెలిగారం కరిగిన వాసన, వీటన్నిటి మీదా నాన్నమ్మ అడ్డచుట్ట. ఆమె చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మమ్మల్ని తిట్టేటప్పుడు కూడా తీసేది కాదు. గుమ్మం పక్కన పీట వేసుకుని చింతపండూ ఇటుకపొడీ కలిపి కొత్త బిందెలు తోమేది. బిందె బోర్లించి మెటికతో కొట్టి చూసి, ఎక్కడైనా పగులుంటే చప్పుడు బట్టి చెప్పేసేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ఆడపిల్లకి తోమడం ఉంది, తిత్తి ఊదడం ఉంది, సుత్తి లేదు. నాన్న సంతకి వెళ్ళిన రోజుల్లో నేను సుత్తి పట్టేదాన్ని. మా మేనత్త కొడుకు సింహాచలం బావ, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, మా ఇంట్లోనే ఉండి పని చేసేవాడు. అప్పుడతను కావాలనే వీధి వైపు తిరిగి కూర్చునేవాడు.

మా నాన్న రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఆరు కొలిమితోనే. పొద్దున్న ఒక పాత్ర అడుగు గుండ్రంగా తిరిగేదాకా చోడంబలి ముట్టేవాడు కాదు. తర్వాత చేతులు కడుక్కుని, నిలబడే లోటాడు అంబలి తాగి, ఉల్లిపాయ కొరుక్కుని మళ్ళీ కూర్చునేవాడు. వారానికి రెండు రోజులు సంచీ భుజాన వేసుకుని సంతబొమ్మాళి, భావనపాడు వైపు చిల్లులుపడ్డ పాత్రలకి మాట్లు వేయడానికి వెళ్ళేవాడు. సముద్రం ఊళ్ళలో బిందెలు తొందరగా కారతాయి, మాకు ఆ ఊళ్ళే అన్నం పెట్టాయి. ఆ ఊళ్ళకి వెళ్ళే బిందెకి మాత్రం చెవి బిగించడానికి ఇనప మేకు వాడనిచ్చేవాడు కాదు. ఇత్తడి మేకు దొరక్కపోతే పని ఆపేసేవాడు. ఎందుకు నాన్నా అంటే, "ఇనుము శనిది, రాగి సూర్యుడిది. కొడుకే గాని తండ్రితో పడదు" అనేవాడు. ఇత్తడిలోనూ ఉన్నది రాగే కదా. చిన్నప్పుడు ఈ మాటకి నేను కళ్ళింత చేసుకుని వినేదాన్ని. విశాఖపట్నంలో శిల్పం చదువుకి వెళ్ళాక ఇదే మాట స్నేహితులకి చెప్పి నవ్వించేదాన్ని.

నేను చదువుకునే రోజులకి స్టీలు వచ్చింది. గంపలో స్టీలు గిన్నెలు పెట్టుకుని వీధి వీధికీ తిరిగి, పాత ఇత్తడి పుచ్చుకుని మారకం ఇచ్చేవాళ్ళు. మా వీధిలో మూడు కొలిములు ఆరిపోయాయి, మాది ఆరలేదు గానీ పల్చబడింది. అలాంటప్పుడు మా మాస్టారి ద్వారా భావనపాడు పడవలవాళ్ళ పెద్దలు నాకు తట్టమ్మ పని ఇచ్చారు. హార్బరులో ఖాళీ ఐసు షెడ్డు ఒకటి చూపించారు. రాగిరేకు తెప్పించాం. లోపల బలానికి ఇనప పట్టీలు బిగించాను. తట్ట ఇత్తడితో పోత పోస్తే బాగుంటుందనిపించి ఇంట్లో అటక మీదున్న సామాను అడిగాను. నాన్న తలెత్తకుండానే "ఇల్లాలి పుట్టినింటి సామాను కరగబెట్టకూడదే అమ్మీ" అన్నాడు. సరే, తట్ట కూడా రాగిరేకుతోనే చేశాను.

ఒకరోజు నాన్న బావతో కలిసి షెడ్డుకి వచ్చాడు. నా క్లాసువాళ్ళు ఇద్దరు సాయానికి వచ్చి ఉన్నారు. పడుకోబెట్టిన విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మెటికతో కొట్టి చూశాడు, కింది నుంచి లోపలికి వంగి చూశాడు. "అమ్మీ, లోపల ఇనుమేసినావా?" అన్నాడు. అవునన్నాను. "ఇనుముకీ రాగికీ పడదే" అన్నాడు. నా స్నేహితులు నా వైపు చూసి నవ్వాపుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నాన్నా, ఇది శిల్పం. జాతకం కాదు" అన్నాను. ఆ ఆదివారం భోజనాల దగ్గర మళ్ళీ, "ఉప్పుగాలి తగిల్తే ఇంకా పడదు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. మూడోసారి బస్సు దగ్గర. నన్ను ఎక్కించడానికి తానెప్పుడూ రాలేదు, ఆరోజు వచ్చాడు. "ఇనప మేకేసిన బిందె సముద్రపూళ్ళో ఏడాదుండదే. నా మాటిను" అన్నాడు. బావ పక్కనే ఉన్నాడు. "నువ్వు బిందెలు చేసుకో నాన్నా. నా పని నన్ను చేసుకోనీ" అనేసి బస్సెక్కి కిటికీ అవతలి వైపు కూర్చున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

విగ్రహం అయిపోయింది, అడుగు రేకు ఒక్కటే మిగిలింది అన్నప్పుడు నాకు పచ్చకామెర్లు పట్టుకున్నాయి. నెల్లాళ్ళు ఇంట్లో పడున్నాను. నాన్నమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి పోసేది, ఉప్పులేని అన్నం పెట్టేది. కళ్ళు తెరిస్తే పసుపు, మూస్తే పసుపు. నాన్న, బావ రోజూ తెల్లారగట్ల బస్సుకి సంచీలతో వెళ్ళేవారు. "సంతబొమ్మాళిలో పని తగిలింది" అని అమ్మ చెప్పేది. సాయంత్రం వచ్చాక నాన్న గుమ్మంలో నిలబడి నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. కూతురు చస్తోందో బతుకుతోందో పట్టదు, మాట్లు ముఖ్యం అనుకుని గోడ వైపు తిరిగేదాన్ని.

లేచి నడిచిన రోజున చూస్తే అటక ఖాళీ. గంగాళం లేదు, నాలుగు బిందెలు లేవు, కాగు లేదు, పెళ్ళి పళ్ళాలు లేవు. పొగచూరిన చెక్క మీద గుండ్రటి మచ్చలు మిగిలాయి. అమ్మ వంకాయలు తరుగుతోంది. "మీ నాన్నకి పనిబడిందే" అంది, కత్తిపీట మీంచి కళ్ళెత్తకుండా. నాకు అడగాల్సిన అవసరం కూడా కనిపించలేదు. నాకు పనికిరాని పుట్టినింటి సామాను స్టీలువాడికి పనికొచ్చిందన్నమాట! నాన్న అంబలి తాగుతున్నాడు. ఎదురుగా వెళ్ళి "అమ్మ సామాను అమ్ముకు తిన్నావు కదూ" అన్నాను. లోటా నేల మీద పెట్టి, నోరు తుడుచుకుని, కొలిమి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా వచ్చానూ వెళ్తున్నానూ తప్ప మాటల్లేవు. నేను షెడ్డుకి వెళ్ళేసరికి అడుగు రేకు మూసేసి ఉంది. ఎలకలు దూరుతున్నాయని తనే బిగించేశానని బావ చెప్పాడు. ఎనిమిదిమంది లేపుతారనుకున్న విగ్రహానికి పద్నాలుగుమంది కావాల్సి వచ్చింది. జబ్బుపడి లేచిన బుర్ర కదా, నా అంచనాయే తప్పయి ఉంటుందని ఊరుకున్నాను. తర్వాత నాలుగేళ్ళకి నాన్న పోయాడు. ఆ పైన రెండేళ్ళకి అమ్మ. రేడియోలో నా మాటలు విని అమ్మ ఒకసారి, "పోయిన మనిషి మీద నోరు పారేసుకోకే" అంది. మొగుడి మీద ఈగ వాలనివ్వదు అనుకున్నాను.

అదంతా ఆ ఇసకలో కూర్చుని, ఎవరో ఇచ్చిన కొబ్బరినీళ్ళు చేత్తో పట్టుకుని నేను ఆలోచించినది. తాగాలన్న ధ్యాసే లేదు. హేమలత మాత్రం లోపల ఫొటోలు తీస్తూ ఆనందపడిపోతోంది. "ఆ వయసులో ఇంత ఐడియా మీకెలా వచ్చింది మేడమ్? ఇనప స్తంభానికి ఏదో నల్లటి నూనె పూశారు. దానికీ కడ్డీలకీ మధ్య తాటిచెక్క ముక్కలు పెట్టారు, ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు. తగిలి ఉంటే ఉప్పుతేమకి ఆ ఇత్తడే ఇనుమంతా ఎప్పుడో తినేసేది. ఇంకో వందేళ్ళకి ఢోకా లేదు" అంది. అలా ఎందుకు తినేస్తుందో చదువుకున్న మాటల్లో వివరించింది కూడా. మా నాన్న దాన్నే శని, సూర్యుడు అన్నాడు. నేను చేయలేదమ్మా అనడానికి అప్పటికింకా నాకు ధైర్యం చాల్లేదు.

తిన్నగా టెక్కలి వెళ్ళాను. హేమలత కారులోనే. సింహాచలం బావకి ఎనభై వచ్చాయి. శుక్లాల ఆపరేషనయి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే "మంగా?" అన్నాడు.

"బావా, తట్టమ్మని విప్పారు."

నా వైపు తల తిప్పాడు. "ఇప్పేసినారా. ఎలాగుంది?"

"బాగుంది."

"ఉండకేటి? మావ సేతి పని" అన్నాడు, ఆ సంగతి నాకెప్పుడో తెలిసినట్టు.

నేను అరుగు మీద బావ పక్కన కూర్చున్నాను. అంతా చెప్పాడు. ఇద్దరూ కలిసి నా పట్టీలన్నీ కోసి తీశారు. ఒడ్డు మీది ఇసకలోనే అచ్చులు కట్టి, బిందెలూ కాగూ కరగబోసి కడ్డీలు పోశారు. గంగాళం రేకు మందంగా ఉంటుందని దాన్ని బద్దీలకి కోశారు. మధ్య స్తంభం తీస్తే విగ్రహం విరుగుతుందని దాన్ని ఉంచేసి, పలాస నుంచి జీడిపిక్కల తొక్కనూనె తెచ్చి పూశారు, పడవలకి పూస్తారే అది. తాటిచెక్కలు కూడా అందులోనే నానబెట్టారు. ఆ నూనెకి మా నాన్న చేతులు బొబ్బలెక్కాయట. నేను మంచం మీంచి గోడ వైపు తిరిగి పడుకున్న సాయంత్రాలవి.

"అమ్మ ఒప్పుకుందా?"

"ఒప్పుకోడవేటి? అత్తే అటకెక్కి దించింది. మావ వొద్దంతే, 'నా సామానే గదా, నా కూతురికే గదా' అంది."

"మరి నాకెందుకు చెప్పలేదు బావా?" అరిచినట్టే అడిగాను.

"సెప్పినాడు గదే. మూడుసార్లు సెప్పినాడు, నానున్నాను. నువ్విన్నావా?"

"ఆ తర్వాతైనా చెప్పొచ్చు. అంత మాటన్నానే, అప్పుడైనా చెప్పొచ్చు కదా!"

బావ కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "నీకు తెల్దేటి? అవున్లే, నీకెవులు సెప్తారు? కొలిమికాడ మొగోళ్ళ సంగతది. పని నేర్చుకున్నోడి తొలి పాత్రకి గురువు వంక సెప్పకూడదు. సెప్తే సెయ్యి వణుకుద్ది, మరి జన్మకి నిలబడదు. కారితే గురువే మాటేసీసి, ఆడి పేరు మీదే అమ్మీయాల. నా తొలి బిందె జల్లెడే. మావ నాకు తెలీకండా మాటేసి కంచిలి సంతలో అమ్మీసినాడు. రెండో బిందెకి సూడాల! ఈదంతా ఇనబడీలాగ తిట్టినాడు. రెండోదాన్నుంచి తిట్టాల, అదీ పద్ధతి."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"నిన్నూ రెండోదానికి తిడదారనే ఉన్నాడే మావ. 'అది రెండోది సేసి సూపించనీరా, అప్పుడు సెప్తాను దాని సంగతి' అనీవోడు. నువ్వు సూపించనేదు."

జీవితంలో నాకు అవార్డులు వచ్చాయి, శాలువాలు పెట్టె నిండా ఉన్నాయి. మా నాన్న నన్ను తన దగ్గర పని నేర్చుకున్న మనిషిగా లెక్కేసుకున్నాడని మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు. సుత్తి పట్టనివ్వని మనిషి, నేను దొంగతనంగా పట్టిన సంగతి తెలిసి, నాకు కొలిమి దగ్గరి మర్యాద చేశాడు. నేను దానికి అమ్ముకు తిన్నావన్నాను. ఒక్కసారి ఇంట్లో అని ఊరుకోలేదు, ఊరూరా మైకుల్లో అన్నాను. ఏడుపు వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి ముందు అరవై ఎనిమిదేళ్ళ మనిషిని గుక్కపెట్టి ఏడ్చాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

బావ నన్ను ఏడవనిచ్చాడు. తర్వాత మామూలుగా, పొలం సంగతి అడిగినట్టు అడిగాడు. "అయితే మంగా, మిగతావాట్లలో ఏటేసినావు?"

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఇంతసేపూ పోయిన మనిషి గురించి ఏడుస్తున్నాను, నిలబడి ఉన్నవాటి సంగతి నా బుర్రకి తట్టనే లేదు. సముద్రం గాలి తగిలే చోట్ల నావి మరో అయిదు పెద్ద పనులున్నాయి. అయిదింటిలోనూ ఇనుమే. తెలియక కాదు. బారువ ఒడ్డున తెరచాప శిల్పం పెట్టేటప్పుడు ఒక పెద్దాయన, లోహాల సంగతి చదివినాయన, ఇనుమూ రాగీ తగలనివ్వొద్దు అని నిండు మీటింగులో చెప్పాడు. నేను లేచి, "భావనపాడు వెళ్ళి నా తట్టమ్మని చూసి రండి. ఇనప ఎముకలతోనే ఎన్ని తుఫాన్లు తట్టుకుందో అక్కడివాళ్ళు చెబుతారు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పాపం కూర్చుండిపోయాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు నలభై ఏళ్ళు ఆ ఒక్క విగ్రహాన్ని చూపించి ఎదురు చెప్పిన ప్రతివాడి నోరూ మూయించాను.

"ఇనుమే వేశాను బావా" అన్నాను.

"అయితే ఎల్లు. ఇక్కడ కూకుని ఏడుత్తావేటి?" అన్నాడు.

బారువ వైపు వెళ్తూ కారులో హేమలతకి అంతా చెప్పాను. ఆ పిల్ల బండి వేగం పెంచింది. పలాస దాటేటప్పుడు జీడిపిక్కలు కాల్చే వాసన అద్దం సందులోంచి వచ్చింది. చిన్నప్పుడు ఆ వాసనకి ఆకలి వేసేది, ఆరోజు నాన్న చేతుల బొబ్బలు గుర్తొచ్చాయి. అటూ ఇటూ ఉద్దానం కొబ్బరితోటల్లో తుఫానుకి తలలు విరిగిన చెట్లు ఇంకా మోళ్ళుగా నిలబడే ఉన్నాయి, మధ్యలో కొత్త మొక్కలు లేచాయి. అప్పట్లో మా నాన్న సముద్రపూళ్ళకి నడిచీ, బస్సెక్కీ వెళ్ళి, తాను వేసిన మాటు నిలిచిందో లేదో మళ్ళీ సంతకి అడిగి తెలుసుకునేవాడు. మాటు ఊడితే ఊరికే వేసిచ్చేవాడు. నేను ప్రారంభోత్సవం ఫొటోలు తీయించుకుని వచ్చేసేదాన్ని. నా పనుల్లో ఒక్కదాని దగ్గరికైనా ఏడాది తిరిగాక ఎలా ఉందో చూద్దామని వెళ్ళలేదు. ఆయన చేసినవి బిందెలు, నేను చేసినవి శిల్పాలు కదా మరి.

బారువలో తెరచాప కొబ్బరిచెట్టంత ఎత్తున, పచ్చగా పాతబడిన రాగితో ఠీవిగానే ఉంది. ఆదివారం. దాని నీడ ఇసక మీద పెద్ద చాపలా పరుచుకుంటుంది, జనం అందులోనే కూర్చుంటారు. ఆ నీడ కోసమే నేను దాన్ని అటు తిప్పి పెట్టాను. ఆరోజూ రెండు మూడు కుటుంబాలున్నాయి. హేమలత కారులో ఉన్న డ్రిల్లు తెచ్చి వెనక వైపు అడుగున పెట్టింది. ముందు రాగి పొడి వచ్చింది, తర్వాత బొట్లు బొట్లుగా గోధుమరంగు నీళ్ళు. చిల్లు పెద్దది చేసి వేలు పెట్టి చూడమంది. లోపల ఉండాల్సిన అరచేయంత వెడల్పు ఇనప పట్టీ నా వేలికి నానిన అప్పడంలా తగిలి ఊడి వచ్చేసింది. అంత బరువు రేకు ఇన్నాళ్ళూ దేన్ని పట్టుకుని నిలబడిందో నాకు అర్థం కాలేదు. హేమలత ముఖంలో రక్తం లేదు.

ఆ పిల్ల తేరుకుని నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "మేడమ్, నేను చిన్నప్పుడు స్కూలు నుంచి దీన్ని చూడ్డానికి వచ్చాను. మీ పేరు పాడవడం నాకిష్టం లేదు. తుఫాను దెబ్బ అని రాస్తాను. రిపేరు పేరుతో నెమ్మదిగా దించేద్దాం. మిగతా నాలుగూ కూడా అలాగే చూసుకోవచ్చు. ఎవరికీ తెలియదు" అంది. ఆ మాట ఎంత ప్రేమగా అందో నాకు తెలుసు. ఒక్క క్షణం సరే అనాలనిపించింది. ఆ క్షణం గురించి ఇక్కడ రాయకపోతే ఇదంతా రాసీ ప్రయోజనం లేదు.

"వద్దమ్మా" అన్నాను. "నా తప్పు నాకు తెలియకుండా ఒకసారి బాగుచేశారు. అందుకే మళ్ళీ అయిదుసార్లు చేశాను. తుఫాను కాదు, చేసిన మనిషి తప్పే అని రాయి. నా పేరు పెట్టి రాయి. మిగతా నాలుగు ఊళ్ళకీ ఇవాళే ఫోన్లు చెయ్యి, ముందు జనాన్ని దూరం జరపమను. తట్టమ్మ దగ్గర బోర్డు మీద ఎవరి పేరు వేయాలో రేపు నేను రాసిస్తాను."

హేమలత ఫోను తీసింది. నేను తెరచాప ముందు వైపుకి వెళ్ళాను. నీడలో ఒకావిడ దుప్పటి పరిచి, పులిహోర గిన్నె మధ్యలో పెట్టుకుని, ఇద్దరు మనవరాళ్ళకి ఆకుల్లో పెడుతోంది. 

"లెగండమ్మా, ఇక్కడ కూకోకండి. ఇది పడిపోద్ది" అన్నాను.

ఆవిడ తలెత్తి పైదాకా చూసింది. "ఇదా? ఎన్నేళ్ళబట్టో ఉంది. ఎవులు సెప్పినారు పడిపోద్దని?"

"దీన్ని సేసింది నానే. నానే సెప్తన్నాను."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. గిన్నె మీద మూత పెట్టి, పిల్లల చేతులు పట్టుకుని లేచింది.